మొండి ఇంటికి ముఖం కడిగిన మా వదిన

మా వదిన మంచం మీద దుప్పటి పరిచిందంటే దాని మీద వాలడానికి దోమకి కూడా ధైర్యం చాలదు. ఒకసారి ఒక దోమ తెగించి వాలింది. జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టింది నేనే. నమ్మకపోతే మీ ఇష్టం. ఈ కథలో మిగతాదంతా ఇంతకంటే కాస్త ఎక్కువ నిజం.

ఆవిడ తొమ్మిదేళ్ళు ఒక పెద్ద హోటల్లో గదులు సర్దింది. రోజుకి పదహారు గదులు. తలుపు తీయగానే ముందు ముక్కుతో చూడాలి, తర్వాత కళ్ళతో చూడాలి, చివరికి మోకాళ్ళ మీద వంగి మంచం కింద చూడాలి. దిండు మీద ఒక్క వెంట్రుక మిగిలినా, అద్దం మీద ఒక్క వేలిముద్ర కనిపించినా ఆ గది సర్దనట్టే లెక్క. తువ్వాలుని నాలుగు మడతల్లో హంసని చేసేది. అలవాటు కొద్దీ ఇంట్లో కూడా చేసేది. నేను స్నానం చేసి, ఆ హంస మెడ ఎక్కడ విప్పాలో తెలియక, నీళ్ళోడుతూ నిలబడి, "వదినా, దీన్ని ఎలా చంపాలి?" అని అరిచిన రోజులున్నాయి.

మా ఇంట్లో నలుగురం. మా నాన్న నలభై ఏళ్ళు కంటికి భూతద్దం బిగించుకుని గడియారాలు బాగుచేశాడు. ఇప్పుడు పేము కుర్చీలో కూర్చుని పేపరు చదువుతాడు. ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోకూడదు. దానికి మేము పెట్టుకున్న పేరు సింహాసనం. మా అన్న లిఫ్టు మెకానిక్. ఊళ్ళో సగంమంది పైకి ఎదగడానికి తనే కారణమని చెప్పుకుంటాడు, తను ఉండేది మాత్రం గ్రౌండ్ ఫ్లోర్లో. ఇక నన్ను ఇంట్లో ప్రొఫెసర్ అంటారు. డిగ్రీ రెండో ఏడాదిలో నేను కాలేజీని వదిలేశాను. కాలేజీయే నన్ను వదిలేసిందని మా అన్న పనిగట్టుకుని ప్రచారం చేస్తుంటాడు. చరిత్రలో ఇలాంటి వివాదాలు చాలా ఉన్నాయి.

అసలు ఇదంతా మా ఎదురింటితో మొదలైంది. ఎదురింటాయన ఉద్యోగం మారి వెళ్ళిపోతూ ఇల్లు అమ్మకానికి పెట్టాడు. ఐదు నెలలైనా కొన్నవాడు లేడు. అప్పుడప్పుడు కిటికీలు తీసి గాలి ఆడనివ్వమని మాకు ఒక తాళం ఇచ్చి వెళ్ళాడు. ఒక సెలవు రోజున వదిన కిటికీలు తీయడానికి వెళ్ళి సాయంత్రమైనా తిరిగి రాలేదు. వెళ్ళి చూస్తే, కుళాయికి పట్టిన మచ్చలు నిమ్మచెక్కతో తోముతోంది. నన్ను చూడగానే, కిటికీకి సగం అడ్డంగా ఉన్న బీరువాని పక్క గోడకి జరపమంది. ఒంటిచేత్తో జరిపేశాను. రెండో చేత్తో టీ తాగుతున్నాను మరి. తర్వాత ఆవిడ మా ఇంటి నుంచి ఒక పూలకుండీ తెచ్చి గుమ్మం పక్కన పెట్టి, ఒకడుగు వెనక్కి వేసి చూసి, తలూపి, తాళం వేసి వచ్చేసింది.

ఆరో రోజున ఆ ఇల్లు అమ్ముడుపోయింది.

ఏడో రోజున బ్రోకరు మా తలుపు కొట్టాడు. ఆయన నడుముకి ముప్పై తాళంచెవుల గుత్తి వేలాడుతూ ఉంటుంది. వీధి మలుపు తిరక్కముందే వస్తున్నాడని తెలిసిపోతుంది. మేమంతా తాళాలాయన అంటాం.

"ఎదురిల్లు సర్దింది ఎవరు?" అని అడిగాడు.

నేను ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాను. "చెప్పండి."

ఆయన నన్ను నెత్తి నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, "మీరు కాదు లెండి. ఎవరు?" అన్నాడు.

వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తాళాలాయన చెప్పింది ఇది. అమ్మకానికి పెట్టిన ఇంటిని, చూడటానికి వచ్చినవాళ్ళకి నచ్చేలా సర్దిపెట్టడం ఒక పని. దాన్ని హోమ్ స్టేజింగ్ అంటారు. దాని మీద బతికేవాళ్ళున్నారు. ఈ ఊళ్ళో ఆయనకి తెలిసి ఒక్కరూ లేరు.

"నా దగ్గర ఒక మొండి ఇల్లుందమ్మా. నాలుగో అంతస్తు. పదకొండు నెలలుగా చూపిస్తున్నాను. నా చెప్పులు అరిగాయి గానీ ఇల్లు కదల్లేదు. ఇంటాయన ఇక రెండు ఆదివారాలే చూస్తానన్నాడు. ఆ తర్వాత ఎవరికో గోడౌనుకి ఇచ్చేస్తాడట. నువ్వొకసారి చెయ్యి పెట్టి చూడు."

ఇంకో చిక్కు కూడా సరిగ్గా ఆ వారమే వచ్చిపడింది. హోటల్లో వదినకి సూపర్‌వైజర్ ఉద్యోగం ఇస్తామన్నారు. సూపర్‌వైజర్ అంటే నీలం కోటు, జేబు మీద బిళ్ళ. ఇక వంగక్కర్లేదు, వంగినవాళ్ళని చూస్తే చాలు. రెండు వారాలు గడువిచ్చారు. రెండో ఆదివారం తెల్లారి సోమవారం పొద్దున పదింటికల్లా కాగితం మీద సంతకం పెట్టాలి. లేకపోతే ఆ కోటు వరసలో తర్వాత ఉన్నావిడకి వెళ్ళిపోతుంది.

"తొమ్మిదేళ్ళు ఎదురుచూశావు," అన్నాడు అన్న. "తీరా వచ్చాక మొండి ఇల్లంటావేంటి?"

"తొమ్మిదేళ్ళు ఎదురుచూసింది నా నడుమండీ, నేను కాదు. ఎదురింట్లో బీరువా జరపగానే వెలుతురు లోపలికి వచ్చింది చూడండి, అది చూసి ఇది నేను చేశాను అనిపించింది. హోటల్లో ఒక్క రోజు కూడా అలా అనిపించలేదు."

"బీరువా జరిపింది నేను," అన్నాను.

"నువ్వూరుకో ప్రొఫెసర్," అన్నారు ఇద్దరూ ఒకేసారి. వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చే విషయం ఈ భూమ్మీద అదొక్కటే.

చివరికి వదినే తేల్చేసింది. దాచుకున్న సెలవులన్నీ తీసి ముందు పెట్టింది. "రెండు ఆదివారాలు. అప్పటికి ఆ ఇల్లు కొంటామని ఒక్కరైనా అనకపోతే, సోమవారం పొద్దున నోరెత్తకుండా సంతకం పెట్టేస్తాను. అన్నారనుకోండి, ఆ కాగితం సంగతి మీరు ఎత్తకూడదు."

అన్న ఒప్పుకున్నాడు. ఎవరూ అనరని ఆయన ధైర్యం.

ఖాళీ ఇంటిని సర్దాలంటే సామాను కావాలి. మాకున్న సామాను మా ఇంట్లో సామానే. కాబట్టి సోఫా, బల్ల, మంచం, అద్దం, కర్టెన్లు అన్నీ నాలుగో అంతస్తుకి బయల్దేరాయి. ఆ బిల్డింగులో లిఫ్టుంది, కానీ మా సోఫా అందులో పట్టదు. అన్న టేపు పెట్టి కొలిచి చూసి, "ఇది మా కంపెనీ లిఫ్టు కాదు," అని మొహం తిప్పుకున్నాడు. మెట్ల మీదుగా మోశాం. మూడో అంతస్తు మలుపులో సోఫా అడ్డంగా ఇరుక్కుంది. రెండు గంటలపాటు పై అంతస్తులవాళ్ళు దాని మీద నుంచే ఎక్కి దిగారు. కూరగాయల సంచీతో వచ్చిన ఒకావిడ మధ్యలో కూర్చుని, చల్లబడ్డాక లేచి, "ఇక్కడ సోఫా వేయడం మంచి ఆలోచన," అని మెచ్చుకుని వెళ్ళింది.

మా ఇంట్లో పొయ్యి, నాలుగు దుప్పట్లు, సింహాసనం మిగిలాయి. సింహాసనం జోలికి వెళ్ళే ధైర్యం వదినకి కూడా లేదు.

మొదటి ఆదివారానికి ఆ ఇల్లు మెరిసిపోయింది. నేల మీద నా మొహం కనిపించింది, ఇంకా అందంగా. మంచం మీద దుప్పటి డప్పు తోలులా బిగిసింది. దాని మీద రెండు హంసలు ఎదురెదురుగా ముక్కులు ఆనించుకుని కూర్చున్నాయి. బాత్రూంలో రెండు చిన్న సబ్బులు. మంచం పక్కన రెండు నీళ్ళ సీసాలు, వాటి మీద బోర్లించిన రెండు గ్లాసులు. వదిన అద్దం ముందు నిలబడి, ఊపిరి తగిలితే మరక పడుతుందేమోనన్నట్టు వెనక్కి జరిగింది.

సాయంత్రం ఐదింటికి ఏడుగురు వచ్చారు. అందరూ గుమ్మంలోనే చెప్పులు విడిచి, మునివేళ్ళ మీద నడిచారు. గుసగుసలుగా మాట్లాడుకున్నారు. ఒకాయన పడకగది తలుపు మూసి, దాని వెనకవైపు ఏదో వెతికాడు. ఏం కావాలని అడిగితే, "గది అద్దెలు ఇక్కడే కదా అంటిస్తారు," అన్నాడు. ఒక పెద్దావిడ హంసని ముట్టుకుని, చెయ్యి వెనక్కి లాక్కుని, "పొద్దున టిఫిను కూడా వీళ్ళే ఇస్తారా?" అని కొడుకుని అడిగింది. అందరూ "చాలా బాగుంది, చాలా బాగుంది" అంటూ మెట్లు దిగిపోయారు. నీళ్ళు ఎప్పుడొస్తాయని గానీ, పక్కింట్లో ఎవరుంటారని గానీ ఒక్కరూ అడగలేదు.

తాళాలాయన గుత్తి ఆడిస్తూ నిట్టూర్చాడు. "దుమ్ము పట్టి ఉన్నప్పుడు కనీసం బేరమైనా ఆడేవాళ్ళమ్మా."

ఆయన వెళ్ళాక వదిన హాలు మధ్యలో నేల మీద కూర్చుండిపోయింది. పక్కనే సోఫా ఉంది. అయినా నేల మీదే కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఏదో ఒక జోకు వేద్దామని నోరు తెరిచి, ఆవిడ మొహం చూసి మూసేశాను. నా జీవితంలో అలా మూసింది అప్పుడే.

కాసేపటికి ఆవిడే అంది. "మరిదిగారూ, మనం ఇల్లు సర్దలేదు. హోటలు సర్దాం."

"బాగానే ఉందిగా వదినా."

"బాగుంటే సరిపోతుందా? తొమ్మిదేళ్ళు నేను చేసిన పనేంటి? నిన్న ఇక్కడొక మనిషి ఉన్నాడని తెలియకుండా తుడిచెయ్యడం. నా చేతులకి వచ్చింది అదే. ఇక్కడ చేయాల్సింది దానికి పూర్తిగా ఉల్టా. రేపు రాబోయే మనిషి ఇప్పటికే ఇక్కడ ఉంటున్నట్టు అనిపించాలి."

"అంటే దయ్యాన్ని పెట్టాలా?"

"నువ్వున్నావుగా," అని నవ్వింది. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఇంకో సంగతి చెప్పింది. హోటల్లో గది తలుపు తీసి చూపించినప్పుడు, గది నచ్చనివాళ్ళు భుజం మీద బ్యాగు దించరట. నోటితో బాగుందంటారు, చెయ్యి మాత్రం బ్యాగు పట్టీ మీదే ఉంటుంది. నచ్చినవాళ్ళు ముందు బ్యాగు ఎక్కడో ఒకచోట పెట్టేస్తారు, తర్వాతే మిగతావి చూస్తారు. "ఇవాళ ఏడుగురు వచ్చారు. నేను వాళ్ళ మొహాలు చూడలేదు, భుజాలే చూశాను. ఒక్క బ్యాగు కూడా కిందకి దిగలేదు."

సోమవారం సోఫా దించాం. ఎక్కించేటప్పుడు చూసి మెచ్చుకున్న కూరగాయలావిడ, "అయ్యో, తీసేస్తున్నారా?" అని చాలా బాధపడింది. మంచం, చిన్న బల్ల, కర్టెన్లు మాత్రం ఉంచి మిగతాదంతా వెనక్కి తెచ్చేశాం. మంగళవారం వదిన ఒక నోటు పుస్తకం, ఒక ఫ్లాస్కు టీ పట్టుకుని ఆ బోసి ఇంట్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంది. హాలు చీకటి. హాలు నుంచి వెనక్కి పొడుగ్గా ఒక నడవా, అది ఇంకా చీకటి. నడవా చివర ఒక చిన్న గది. అందరూ దాన్ని సామాన్ల కొట్టులా వాడి వదిలేశారు. మధ్యాహ్నం నుంచి లైటు వేయకపోతే ఆ ఇంట్లో మనిషికి మనిషి కనపడడు. వదిన తాళాలాయనకి ఫోను చేసింది.

"మీరెప్పుడూ సాయంత్రమే ఎందుకు చూపిస్తారండీ?"

"పొద్దున లేవడం నాకు చేతకాదమ్మా," అన్నాడాయన నిజాయితీగా.

బుధవారం పొద్దున వదిన మా నాన్నని అడిగింది. "మావయ్యా, మీరొకసారి నాతో వస్తారా? ఊరికే ఇల్లంతా తిరిగి, పేపరు ఎక్కడ కూర్చుని చదువుకోవాలనిపిస్తుందో చెప్పండి చాలు."

"నేను ఇక్కడ చదువుకుంటున్నాగా అమ్మా."

"అక్కడైతే ఎక్కడ చదువుతారో చెప్పండి."

నాన్న చంకలో పేపరు పెట్టుకుని వచ్చాడు. హాల్లో నిలబడి తల అడ్డంగా ఊపాడు. పడకగదిలో ఊపాడు. వంటగది కిటికీ తీస్తే ఎదురుగా పక్క బిల్డింగు గోడ. అక్కడ ఊపను కూడా లేదు, నన్ను చూశాడు, ఆ గోడ కట్టింది నేనే అన్నట్టు. నడవాలోంచి చివరికి నడిచి ఆ కొట్టుగదిలోకి వెళ్ళాడు. దాని కిటికీ అద్దాలకి ఎవరో ఎప్పుడో దట్టంగా రంగు కాగితం అంటించారు. ముందు ఒక చెక్క అర కూడా బిగించారు. నాన్న అర సందులోంచి చెయ్యి పెట్టి, గోటితో కాగితం ఒక మూల గీకాడు. రూపాయి బిళ్ళంత ఖాళీ ఏర్పడింది. అందులోంచి ఎండ సూటిగా వచ్చి ఆయన చొక్కా మీద పడింది.

"దీన్నెందుకు మూశారు?" అన్నాడు, ఎవరో ఆయన్నే అవమానించినట్టు.

పది నిమిషాల్లో నేను అర ఊడదీశాను. వదిన కాగితం తడిపి గీకింది. గదంతా వెలుగు. నాన్న పేపరు విప్పి, కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా చిన్నక్షరాల ప్రకటన ఒకటి గడగడా చదివేశాడు. "ఇక్కడేనమ్మా. రిస్టువాచీ ముల్లు కింద పడినా ఇక్కడ దొరుకుతుంది."

ఆ మాట విని వదిన గడియారం చూసింది. నోటు పుస్తకంలో టైము రాసుకుంది. మర్నాడు కూడా వచ్చి రాసుకుంది. ఎనిమిదిన్నరకి ఎండ వస్తుంది, పదిన్నరకి వెళ్ళిపోతుంది. రోజు మొత్తంలో ఆ ఇల్లు కళ్ళు తెరిచేది ఆ రెండు గంటలే.

ఇక పని మొదలైంది. నడవాకీ హాలుకీ మధ్య ఉన్న తలుపుని మా అన్న పని నుంచి వస్తూ వస్తూ స్క్రూడ్రైవరుతో ఊడదీశాడు. "నేను సంతకం పెట్టమనే అంటున్నాను, తలుపు వేరే విషయం," అని గొణుగుతూనే ఊడదీశాడు. ఎండ కొట్టుగదిలోంచి నడవా దాటి హాలు దాకా వచ్చింది. నడవాకి నేను రంగు వేశాను, పాలలో ఒక్క చుక్క టీ పడితే ఎలా ఉంటుందో అలాంటి రంగు. ఎంత నున్నగా వేశానంటే ఒక బల్లి పై నుంచి కింద దాకా జారుకుంటూ వచ్చి, మళ్ళీ ఎక్కి మళ్ళీ జారింది, సరదాకి. గుమ్మం పక్కన తాళంచెవులు తగిలించుకోవడానికి ఒక కొక్కెం బిగించాం. వంటగట్టు మీద ఒకే ఒక్క కప్పు. హంసలకి సెలవిచ్చేశాం. సబ్బు కూడా ఒకటే, అదీ కాస్త వాడినది.

మంచం దగ్గర మాత్రం పెద్ద చిక్కొచ్చింది. దుప్పటి ఒక మూల కాస్త వదులుగా ఉండాలని వదినకి తెలుసు, కానీ ఆవిడ చేతులు ఒప్పుకోవడం లేదు. మూడుసార్లు వదిలింది, మూడుసార్లు మళ్ళీ లాగి బిగించేసింది. తన చేతుల మీద తనకే కోపం వచ్చింది.

"మరిదిగారూ, నువ్వొకసారి దీని మీద కూర్చుని లే."

కూర్చున్నాను. లేచాను. దుప్పటి సరిగ్గా ఎంత చెదరాలో అంతే చెదిరింది. వదిన దూరం నుంచి చూసి, "అబ్బ! చదువుకున్నవాళ్ళు చేయలేరు ఇలా," అంది. నాకు జీవితంలో వచ్చిన మొదటి సర్టిఫికెట్ అది.

చివరికి కొట్టుగది మిగిలింది. కిటికీ దగ్గర ఒక కుర్చీ కావాలి. కొత్త కుర్చీ కాదు, మనిషి కూర్చున్న కుర్చీ. శనివారం వదిన నాన్న ముందు నిలబడింది. ఏం అడగబోతోందో మా అందరికీ తెలుసు.

"ఒక్క రోజు, మావయ్యా."

నాన్న కుర్చీ చేతులు రెండూ నిమిరాడు. "ప్రొఫెసర్ ముట్టుకోకూడదు. వాడు సోఫా మోసిన సంగతి విన్నాను."

ఆయనే స్వయంగా తీసుకొచ్చాడు. లిఫ్టులో కుర్చీ వేసుకుని, దాని మీద కూర్చుని, ఒళ్ళో పేపరుతో నాలుగో అంతస్తుకి వెళ్ళాడు. రెండో అంతస్తులో లిఫ్టు ఎక్కబోయిన ఒకాయన, "క్షమించాలి," అని వెనక్కి తగ్గి మెట్లెక్కాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికల్లా తాళాలాయన ఆవలిస్తూ వచ్చాడు. వదిన వంటగదిలో నిలబడింది, ఎవరికీ అడ్డు రాకుండా. నేను గుమ్మం బయట మెట్ల కటకటాలకి రంగు వేస్తున్నట్టు నటిస్తున్నాను. అన్న కింద లిఫ్టు దగ్గర, అది మధ్యలో ఆగకుండా కాపలా, తన కంపెనీది కాకపోయినా.

మొదట వచ్చిన ఇద్దరూ చూసి వెళ్ళిపోయారు. తర్వాత ఒక జంట వచ్చింది. భర్త వేలితో గోడల్ని కొడుతూ, చెవి పెట్టి వింటూ నడిచాడు. భార్య రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన నర్సు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కాళ్ళు ఈడుస్తూ నడుస్తోంది. భుజం మీద పెద్ద గోధుమరంగు బ్యాగు. నేను బ్రష్షు గాల్లోనే ఆడిస్తూ, గుమ్మంలోంచి మెడ సాచి ఆ బ్యాగునే చూస్తున్నాను. హాల్లో పట్టీ మీద చెయ్యి ఉంది. వంటగదిలో ఉంది. పడకగదిలో మంచం చూసి ఒక్క క్షణం చెయ్యి జారింది, మళ్ళీ పట్టీ మీదికి వెళ్ళింది. ఎండ నడవా పొడుగునా పరుచుకుని ఉంది. ఆవిడ దాని వెంటే నడిచింది.

భర్త హాల్లోంచి తాళాలాయనతో వాదిస్తున్నాడు. "నాలుగో అంతస్తండీ! లిఫ్టు పాడైతే?"

"ఏమండీ," అని లోపలి నుంచి వినిపించింది. "మీరు మాట్లాడుతూ ఉండండి. నేనిక్కడ రెండు నిమిషాలు కూర్చుంటాను."

తర్వాత ఒక చప్పుడు. దబ్బున. బ్యాగు నేల మీద పడిన చప్పుడు.

వంటగదిలో వదిన గట్టు అంచు పట్టుకుంది. నా బ్రష్షు నా చెప్పు మీద పడింది. ఆ చెప్పు ఇప్పటికీ పాలలో టీ చుక్క రంగే.

కాసేపటికి నర్సమ్మ లోపలి నుంచి అడిగింది. "ఇక్కడ ఎండ ఎంతసేపు ఉంటుంది?"

తాళాలాయన తెల్లమొహం వేశాడు. పదకొండు నెలల్లో ఆయన ఆ ఇంటిని పొద్దున పూట చూసి ఉంటే కదా. "రోజంతా..." అని మొదలుపెట్టేలోగా వదిన వంటగదిలోంచి బయటికి వచ్చేసింది.

"ఎనిమిదిన్నరకి వస్తుందండీ, పదిన్నరకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత లైటు వేసుకోవాల్సిందే."

తాళాలాయన నుదురు కొట్టుకున్నాడు. నర్సమ్మ మాత్రం కుర్చీలోంచి లేవకుండా వదినని చూసింది.

"నేను పొద్దున తొమ్మిదికి ఇంటికొచ్చే మనిషిని," అంది. "పదిన్నరకి పడుకుంటాను. మీరిక్కడే ఉంటారా?"

"లేదండీ. రెండు వారాలుగా ఉన్నాను, అంతే."

వాళ్ళు ఇంటికెళ్ళి ఆలోచించుకుని చెబుతామన్నారు. అది అందరూ అనే మాటే. సోమవారం పొద్దున వదిన హోటలు చీర ఇస్త్రీ చేస్తోంది. కాగితం బల్ల మీద ఉంది. అన్న దాని పక్కన పెన్ను పెట్టాడు, మళ్ళీ తీసి జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ పెట్టాడు. ఎనిమిదింటికి ఫోను మోగింది. వదిన స్పీకరు నొక్కింది. తాళాలాయన గొంతు కంటే ముందు తాళంచెవుల చప్పుడు వినిపించింది.

"కొంటామన్నారమ్మా! ఇల్లు కొంటామన్నారు! కానీ ఒక్క మాట. ఆవిడకి ఆ కుర్చీ కూడా కావాలట. కుర్చీ లేకపోతే ఆ గది గదే కాదంటోంది."

అందరం నాన్న వైపు తిరిగాం. సింహాసనం అప్పటికే వెనక్కి వచ్చేసి ఉంది. నాన్న దాంట్లోనే ఉన్నాడు.

"ఇచ్చేద్దాం," అని గుసగుసలాడాడు అన్న. సంతకం పెట్టమని రెండు వారాలుగా సాధించిన మా అన్న! "నాన్నకి కొత్తది కొందాం."

నాన్న గోడ వైపు చూస్తూ, "ఇచ్చేయమ్మా. కుర్చీదేముంది," అన్నాడు.

వదిన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "కుర్చీ ఇవ్వనని చెప్పండి," అంది ఫోనులో.

"అమ్మా! చేతిదాకా వచ్చింది పాడుచేయకు!"

"ఇల్లు అమ్మకానికి పెట్టాం. కుర్చీ అమ్మకానికి పెట్టలేదు. అలాంటిదే కొత్తది అల్లించి ఇస్తానని చెప్పండి. మావయ్య కుర్చీ ఇచ్చేస్తే రెండో ఇంట్లో ఏం వేస్తాను?"

రెండో ఇల్లు. అన్న ఆవిడ వైపు చూశాడు. తర్వాత బల్ల మీది కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, హంస చేయబోయి, చేతకాక జేబులో కుక్కుకున్నాడు. నాన్న గోడ మీద నుంచి చూపు తిప్పి, పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు. పావుగంటలో మళ్ళీ ఫోను మోగింది. నర్సమ్మ ఒప్పుకుంది. కొత్త కుర్చీకి చేతులు కాస్త వెడల్పుగా ఉండాలంది, టీ కప్పు పెట్టుకోవడానికి.

పదింటికి వదిన హోటలుకి వెళ్ళింది. ఇస్త్రీ చేసిన చీర మడతపెట్టి ఇచ్చేసి వచ్చింది. మడత ఎలా ఉందంటే, దాన్ని విప్పడానికి మనసొప్పక వాళ్ళు అలాగే అద్దాల బీరువాలో పెట్టారట. ఇది నేను విన్నదే, పూచీ నాది కాదు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. ఇప్పుడు వదినకి ఒక చిన్న షెడ్డుంది, అందులో లిఫ్టులో పట్టే సోఫాలు మాత్రమే ఉంటాయి, కొలతలు మా అన్నవి. హోటల్లో ఆవిడతో పనిచేసిన ఇద్దరు ఆడవాళ్ళు ఇప్పుడు ఆవిడతోనే ఉన్నారు. చేరిన మొదటి వారం ఇద్దరూ హంసలు చేశారు. వదిన తిట్టలేదు, విప్పి చూపించింది. "మా కోడలు ఇళ్ళకి ముస్తాబు చేస్తుంది," అని నాన్న అందరికీ చెబుతాడు. "ముస్తాబు కాదు మావయ్యా, ముఖం కడుగుతాను, అంతే," అంటుంది వదిన. ఏ ఇంటికైనా మొదట వెళ్ళేది సింహాసనం, దాని వెనకే చంకలో పేపరుతో నాన్న. ఆయన తలూపేదాకా ఒక్క సామానూ కదలదు.

నిన్న ముప్పై తొమ్మిదో ఇల్లు పూర్తయింది. అంతా అయ్యాక వదిన పడకగది గుమ్మంలో నిలబడి నన్ను పిలిచింది. వెళ్ళాను. దోమ కాలు విరిగేంత బిగువుగా ఉంది దుప్పటి. ఒక నిమిషం కూర్చుని లేచాను. ఈ ఊళ్ళో ఆ పని నా అంత బాగా చేసేవాడు ఇంకా పుట్టలేదు.